రూట్ కెనాల్‌లో ఏ మందు? హైపో, సున్నం, క్లోర్‌హెక్సిడిన్, యాంటీబయోటిక్ పేస్ట్‌లలో ఏది ఎప్పుడు

హౌస్ సర్జన్సీలో ఉన్న పిల్లలు ఎవరు ఫోన్ చేసినా మాట తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది. "సార్, కింది దవడ పన్ను, చీము ఉంది, ఎక్స్‌రేలో వేరు చివర నల్లగా కనిపిస్తోంది, లోపల ఏం పెట్టి పంపమంటారు?" పెట్టేది తర్వాత చూద్దాం గానీ ఎంతసేపు కడిగావమ్మా అని అడుగుతాను. అవతల కాసేపు మాట రాదు. తర్వాత చిన్న గొంతుతో, "రెండు సిరంజిలు సార్."

రెండు సిరంజిలతో కడిగిన కెనాల్‌లో, అంటే పంటి వేరు లోపల నరం ఉండే సన్నటి గొట్టంలో, ఏ మందు పెట్టినా ఒకటే. అయినా మందుల మధ్య తేడా లేదని కాదు, చాలా ఉంది, అందుకే ఇది రాస్తున్నాను. డెంటిస్టులు కానివాళ్లు కూడా చదవొచ్చు, మీ నోట్లో ఏం పెడుతున్నారో తెలుసుకుంటే నష్టమేమీ లేదు.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. కెనాల్‌లో వాడే మందులు రెండు రకాలు. పని జరుగుతున్నంతసేపూ సూదితో లోపలికి పంపి మళ్లీ బయటికి లాగేసే ద్రవాలు ఒక రకం: సోడియం హైపోక్లోరైట్, క్లోర్‌హెక్సిడిన్, ఈడీటీఏ, సెలైన్. ఒక సిట్టింగ్‌కీ ఇంకో సిట్టింగ్‌కీ మధ్య లోపల ఉంచి, పైన తాత్కాలిక సిమెంట్‌తో మూసేసేవి రెండో రకం: కాల్షియం హైడ్రాక్సైడ్, యాంటీబయోటిక్ పేస్టులు, స్టెరాయిడ్ కలిసిన పేస్టులు, పాతకాలపు ఫార్మోక్రెసాల్ లాంటివి. "హైపో మంచిదా, కాల్షియం హైడ్రాక్సైడ్ మంచిదా" అని అడగడం చీపురు మంచిదా ఫినాయిల్ మంచిదా అన్నట్టు ఉంటుంది. ఒకటి చేసే పని ఇంకోటి చేయదు.

అసలు లోపల ఉన్నదేంటి

1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి నరాన్ని బయటపెట్టి వదిలేశారు. మామూలు ఎలుకల్లో నరం కుళ్లింది, వేరు చివర చీము పట్టింది. పుట్టినప్పటి నుంచీ సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, తిండి వెళ్లి ఆ రంధ్రంలో ఇరుక్కున్నా సరే, నరం బతికే ఉంది, పైగా రంధ్రాన్ని మూసేలా కొత్త డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) కట్టుకుంది. ఈ ఒక్క ప్రయోగంతో గొడవంతా బ్యాక్టీరియాదేనని తేలిపోయింది. 1976లో స్వీడన్‌లో సుండ్‌క్విస్ట్, దెబ్బ తగిలి నరం చచ్చిపోయినా పైకి చెక్కుచెదరని పళ్లను తెరిచి చూస్తే, బ్యాక్టీరియా దొరికినవి దాదాపు అన్నీ ఎక్స్‌రేలో ఎముక కరిగినట్టు కనిపించిన పళ్లే. అందులోనూ ఎక్కువ భాగం గాలి పడని జాతులు.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఉప్పు కలిసినట్టు విడివిడిగా తేలుతూ ఉండవు. నీళ్ల ట్యాంకు గోడలకు పట్టే పాచి చూశారుగా, అలా కెనాల్ గోడకు జిగురుగా పట్టేస్తాయి. ట్యాంకులో గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ వేసి మూత పెట్టేస్తే పాచి పోతుందా? లోపలికి దిగి రుద్దాలి, ఆ తర్వాతే బ్లీచింగ్. ఇక్కడ రుద్దడానికి ఫైల్స్, అంటే గోడ గీకే సన్నటి సూదుల్లాంటి పరికరాలు, ఉన్నాయి, కానీ అవి గోడంతా తాకవు. పై దవడ పళ్లను మైక్రో సీటీలో చూసిన పీటర్స్ బృందం 2001లో చెప్పిందేమిటంటే, ఏ రకం ఫైల్ వాడినా కెనాల్ గోడలో 35 శాతం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే, ఫైల్ తగలకుండా మిగిలిపోతోంది. రెండు కెనాల్స్ మధ్య సన్నటి సందులు, పక్కకు చీలిన గొట్టాలు, వేరు చివర చెట్టు వేళ్లలా విడిపోయిన కొమ్మలు, ఇవన్నీ ఫైల్‌కు అందవు. అక్కడికి వెళ్లగలిగేది ద్రవమే. అందుకే ఎంపిక ద్రవంతో మొదలవ్వాలి.

హైపో

సోడియం హైపోక్లోరైట్‌ను క్లినిక్‌లో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, హైపో అంటారు. వాసన బ్లీచింగ్ నీళ్లదే, అసలు సరుకూ అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో కుళ్లిన గాయాలు కడగడానికి హెన్రీ డేకిన్ 0.5 శాతం ద్రావణాన్ని తయారుచేశాడు, తర్వాత అది పళ్లలోకీ వచ్చింది. వందేళ్లు దాటినా దాన్ని పక్కకు నెట్టే మందు రాలేదంటే కారణం ఒకటే: అది బ్యాక్టీరియాను చంపడమే కాదు, చచ్చిపోయిన కండను కరిగిస్తుంది. మిగతా ద్రవాలు ఏవీ ఈ రెండో పని చేయలేవు. కుళ్లిన నరం ముక్క సందులో మిగిలితే అదే బ్యాక్టీరియాకు అన్నం, అది కరిగితేనే కథ ముగుస్తుంది.

సెలైన్‌తో పోల్చి చూడాలంటే స్వీడన్‌లోనే బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ 1980ల మొదట్లో చేసిన పని ఉంది. కేవలం సెలైన్‌తో కడుగుతూ ఫైల్ చేస్తే, బ్యాక్టీరియా లెక్క బాగా తగ్గింది గానీ, ఐదు సిట్టింగ్‌ల తర్వాత కూడా దాదాపు సగం పళ్లలో ఇంకా బతికే ఉంది. 0.5 శాతం హైపో వాడితే ఫలితం స్పష్టంగా మెరుగుపడింది. అర శాతమే, గమనించండి. కాబట్టి సెలైన్‌ను మందుల పోటీలోనే పెట్టకండి, ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య కడిగేయడానికి దాన్ని ఉంచుకోండి.

ఇక ఎంత శాతం అన్నది ఎప్పటికీ తెగని వాదన. 0.5 నుంచి 5.25, 6 దాకా వాడేవాళ్లు ఉన్నారు. బలం పెరిగితే కండ త్వరగా కరుగుతుంది, నిజమే, కానీ బయటికి పోతే జరిగే నష్టం కూడా పెరుగుతుంది. 2019లో రోహ్‌తక్‌లో కింది దవడ పళ్ల మీద 1 శాతాన్నీ 5 శాతాన్నీ పోల్చి చూశారు, వేరు చివర గాయం మానడంలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా అలవాటు 3 శాతం. దీనికి గొప్ప శాస్త్రమేమీ లేదు, నా చేతికి అది నమ్మకంగా ఉంది, అంతే. తక్కువ శాతం వాడేవాళ్లు ఎక్కువ పరిమాణం, ఎక్కువ సేపు వాడాలి, ఎందుకంటే కండను తాకగానే క్లోరిన్ ఖర్చయిపోతుంది, పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పోస్తూనే ఉండాలి. ఒకసారి నింపి సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే రెండు నిమిషాల తర్వాత అక్కడ ఉన్నది దాదాపు ఉప్పునీళ్లే.

చాలామంది పట్టించుకోనిది వేడి. 45 డిగ్రీల దగ్గర 1 శాతం హైపో, 20 డిగ్రీల దగ్గర 5.25 శాతం హైపో ఎంత కండను కరిగిస్తుందో దాదాపు అంతే కరిగిస్తుందని 2005లో సిర్టెస్ బృందం ప్రయోగశాలలో చూపించింది. అంటే శాతం పెంచకుండా పని పెంచుకోవచ్చు. కానీ ఇదే వేడి సీసాలో ఉన్నప్పుడు శత్రువు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో క్లినిక్ ఉందనుకోండి, కిటికీ పక్క షెల్ఫ్‌లో పారదర్శకమైన సీసాలో హైపో పెట్టారనుకోండి, లేబుల్ మీద 5 అని ఉంటుంది, లోపల ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి. ముదురు రంగు సీసా, గట్టి మూత, చల్లటి చోటు, మీద తెరిచిన తేదీ. పలచన చేసింది అయితే ఇంకా త్వరగా పాడవుతుంది, ఆ రోజుకు కావలసినంతే కలుపుకోండి.

ఇప్పుడు భయపడాల్సిన విషయం. నేను చదువుకునే రోజుల్లో, పక్క కుర్చీలో ఒక అన్న సూదిని కెనాల్‌లో బిగించి గట్టిగా నొక్కాడు. పేషెంట్ ఒక్కసారి కేక పెట్టింది, మా కళ్లముందే నిమిషాల్లో చెంప ఉబ్బింది, మర్నాటికి కంటి కింద నుంచి మెడ దాకా నల్లగా కమిలింది. ఆవిడకు పూర్తిగా తగ్గడానికి వారాలు పట్టింది. హైపో వేరు చివర దాటి పోతే ఇదే జరుగుతుంది. తప్పు మందుది కాదు, సూదిది, వేలిది. పక్కన రంధ్రం ఉన్న 30 గేజ్ సూది, పని పొడవుకు (వేరు చివరిదాకా కొలిచిన పొడవుకు) ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా, సూది ఎక్కడా బిగుసుకోకుండా పైకి కిందికి కదులుతూ, బొటనవేలితో కాకుండా చూపుడువేలితో మెల్లగా. రబ్బర్ డ్యామ్, అంటే ఆ పన్ను ఒక్కటే బయటికి ఉండేలా నోటికి అడ్డంగా వేసే రబ్బరు పొర, లేకుండా హైపో వాడకండి, ఇక్కడ బేరాలు లేవు. "మా పేషెంట్లు డ్యామ్ ఒప్పుకోరు సార్" అంటారు గానీ, గొంతులోకి బ్లీచింగ్ నీళ్లు కారడానికి మాత్రం ఏ పేషెంట్ ఒప్పుకుంటాడు?

క్లోర్‌హెక్సిడిన్, ఈడీటీఏ

క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం అంటే పేషెంట్లకు తెలిసిన మౌత్‌వాష్‌లో ఉండే మందే, పది రెట్లు బలంగా. వాసన ఉండదు, బట్టల మీద పడితే హైపోలా తెల్లమచ్చ రాదు, బయటికి పోయినా హైపోలా కాల్చదు. ఇంకో మంచి గుణం, ఇది డెంటిన్‌కు అతుక్కుని మెల్లమెల్లగా విడుదలవుతుంది, కడిగేసిన తర్వాత కూడా వారాల తరబడి కొంత పని చేస్తూ ఉంటుంది. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి బ్యాక్టీరియా మీద, క్యాండిడా అనే ఫంగస్ మీద గట్టిగా పనిచేస్తుంది. ఇవన్నీ విని చాలామంది హైపో మానేసి దీన్నే వాడేద్దామనుకుంటారు.

వద్దు. ఇది కండను కరిగించదు. ముక్క ముక్కలాగే ఉండిపోతుంది. పాచిని చంపినా చోటు నుంచి కదల్చలేదు. నరం చచ్చి కుళ్లిన పన్నును మొదటిసారి తెరిచినప్పుడు క్లోర్‌హెక్సిడిన్‌ను ప్రధాన ద్రవంగా వాడటానికి నాకు తెలిసి ఒకే గట్టి కారణం ఉంది: పేషెంట్‌కు హైపో పడకపోవడం. న్యాయంగా ఇది కూడా చెప్పాలి, పాత రూట్ కెనాల్ విఫలమై మళ్లీ చేసిన పళ్లలో 1 శాతం హైపోనూ 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌నూ పోల్చిన నార్వే ట్రయల్‌లో నాలుగేళ్ల తర్వాత మానిన పళ్ల శాతం రెండింటిలోనూ దాదాపు సమానం. అందుకే రీట్రీట్‌మెంట్‌లో చివరి కడుగుగా దీన్ని వాడేవాళ్లతో నేను గొడవ పెట్టుకోను.

కానీ రెండూ కలవకూడదు. హైపో ఉన్న కెనాల్‌లోకి క్లోర్‌హెక్సిడిన్ పోస్తే వెంటనే ఇటుకరంగు ముద్ద ఏర్పడుతుంది, డెంటిన్‌లో ఉండే అతి సన్నటి గొట్టాల నోళ్లు మూసుకుపోతాయి, పన్ను రంగు మారుతుంది. అందులో పారాక్లోరోఅనిలిన్ అనే విషపదార్థం ఉందా లేదా అని పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. వాదన ఎటు తేలినా ఆ ముద్ద మీ కెనాల్‌లో ఉండాల్సిన అవసరం లేదు. మధ్యలో సెలైన్‌తో బాగా కడిగి, పేపర్ పాయింట్‌తో (తడి పీల్చే సన్నటి కాగితపు పుల్లతో) ఆరబెట్టి అప్పుడు పోయండి.

ఈడీటీఏ 17 శాతం అసలు బ్యాక్టీరియా మందు కాదు, పేరుకు మాత్రమే పోటీదారు. ఫైల్ గీకినప్పుడు గోడకు పూసుకుపోయిన పొరను తీసేస్తుంది, అప్పుడు హైపోకు గొట్టాల్లోకి దారి దొరుకుతుంది. చివర్లో ఒక నిమిషం చాలు, ఎక్కువసేపు ఉంచితే డెంటిన్‌నే తినేస్తుంది. హైపోతో కలిపి పోయకండి, హైపోలోని క్లోరిన్‌ను అది చంపేస్తుంది. ముందు హైపో, తర్వాత ఈడీటీఏ, మళ్లీ కొంచెం హైపో. ద్రవం లోపల ఉండగా అల్ట్రాసోనిక్ టిప్‌తో కదిలించండి, అది లేకపోతే సరిగ్గా సరిపోయే గుట్టాపెర్చా కోన్‌ను (చివర్లో కెనాల్ నింపే రబ్బరులాంటి పుల్లను) పైకీ కిందికీ ఆడించినా చాలు. ఖరీదు లేని పని ఇది, అయినా ఎవరూ చేయరు.

లోపల ఉంచే మందుల్లో సున్నం

కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే తాంబూలంలో రాసుకునే తడి సున్నమే. నవ్వకండి, రసాయనం అదే, శుద్ధి వేరు. దాన్ని 1920లో జర్మనీ నుంచి హెర్మన్ పళ్ల వైద్యంలోకి తెచ్చాడు. పీహెచ్ 12.5 దగ్గర ఉంటుంది. ఆ క్షారంలో చాలా బ్యాక్టీరియా బతకలేదు, చచ్చిన బ్యాక్టీరియా గోడల నుంచి వచ్చే విషాన్ని కూడా ఇది విరగ్గొడుతుంది, మిగిలిన నరం ముక్కలను మెత్తబరిచి తర్వాతి సిట్టింగ్‌లో హైపోకు సులువు చేస్తుంది. ధర తక్కువ, ఎలర్జీ బెడద దాదాపు లేదు, యాంటీబయోటిక్ నిరోధకత గొడవ లేదు.

దీని కీర్తికి పునాది 1985లో బిస్ట్రోమ్ బృందం చేసిన పోలిక. పాత ఫీనాల్ మందులతో పక్కపక్కన పెట్టి చూస్తే, నెల రోజులు కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంచిన 35 కెనాల్స్‌లో 34లో బ్యాక్టీరియా పెరగలేదు. 1991లో ష్యోగ్రెన్ బృందం, పది నిమిషాలు పెడితే లాభం లేదు, ఏడు రోజులు ఉంచితే మిగిలినవి పోతాయని చూపించింది. అప్పటి నుంచి "వారం సున్నం" మన వృత్తిలో వేదవాక్యం అయిపోయింది.

వేదవాక్యాలకు కూడా చిల్లులు ఉంటాయి. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు అంత అందంగా రాలేదు, కొన్నింటిలో మందు పెట్టిన తర్వాత కూడా బ్యాక్టీరియా మళ్లీ పెరిగింది. కారణాలు తెలిసినవే. డెంటిన్ ఆ క్షారాన్ని పీల్చేసి చప్పబరుస్తుంది, గొట్టాల లోతుల్లో పీహెచ్ అంత పైకి ఎక్కదు. ఎంటరోకాకస్ ఫీకాలిస్‌కు లోపలికి ప్రోటాన్లను తోడుకునే పంపు ఉంది, 11.1 దగ్గర బతికేస్తుంది, 11.5 దాటితే గానీ చావదు. పాత రూట్ కెనాల్ చెడిపోయిన పళ్లలో ఈ ఫీకాలిస్ తరచుగా కనిపిస్తుంది, మొదటిసారి తెరిచిన పళ్లలో అరుదు. క్యాండిడా మీద కూడా సున్నం అంత బలం చూపదు. ఇందుకే సున్నాన్ని క్లోర్‌హెక్సిడిన్‌లో కలిపి పెట్టేవాళ్లున్నారు. ఆలోచన బాగానే ఉంది, కానీ పేషెంట్లలో మామూలు సున్నం కన్నా కచ్చితంగా మెరుగని తేలలేదు. నేను సెలైన్‌తోనే కలుపుతాను.

పెట్టే పద్ధతిలో సగం మంది తప్పుతారు. పేస్ట్‌ను కెనాల్ నోటి దగ్గర పెట్టి కాటన్ వేసి పంపేస్తే అది పెట్టినట్టు కాదు. తాకిన చోటే పని చేసే మందు ఇది, చివరిదాకా నిండాలి. లెంటులో స్పైరల్ అనే తిరిగే సన్నటి తీగతోనో సిరంజి చివరతోనో నింపి ఎక్స్‌రే తీయండి. కలపని శుద్ధమైన సున్నం డెంటిన్ సాంద్రతలోనే ఉంటుంది, బాగా నిండితే కెనాల్ ఎక్స్‌రేలో మాయమైపోయినట్టు కనిపిస్తుంది, అది మంచి సూచన. బేరియం కలిపిన పేస్టులు తెల్లగా కనిపిస్తాయి. కింది దవడ వెనక పళ్లలో సిరంజిని గట్టిగా నొక్కకండి, వేరు చివర దాటి దవడ నరం మీద పడితే పెదవి మొద్దుబారిపోతుంది, ఆ మొద్దుతనం తగ్గుతుందో లేదో చెప్పలేం.

సిరంజిల్లో దొరికే పేస్టుల్లో ఒక తేడా గుర్తుంచుకోండి. నీటితో చేసినవి, నూనెతో అయోడోఫామ్ కలిపి చేసినవి వేరువేరు. మెటాపెక్స్ లాంటి నూనె రకం పసుపురంగులో ఉంటుంది, పాలపళ్లలో ఫిల్లింగ్‌గా బాగుంటుంది, అది వేరుతో పాటు కరిగిపోతుంది కాబట్టి. అదే పెద్దవాళ్ల పంట్లో రెండు సిట్టింగ్‌ల మధ్య పెడితే, తర్వాత పూర్తిగా తీయడం నరకం, గోడకు పట్టిన జిడ్డు సీలర్‌ను (ఫిల్లింగ్‌ను గోడకు అతికించే పదార్థాన్ని) అతకనివ్వదు, పైగా నూనెలో ఉన్న సున్నం నుంచి క్షారం సరిగ్గా విడుదల కాదు. ధరలో తేడా చూసో, సిరంజి చేతికి అందింది కదా అనో దీన్ని పెట్టకండి.

నెలలు నెలలు వదిలేయడమూ మంచిది కాదు. గొర్రె పళ్ల మీద ఆండ్రియాసెన్ 2002లో చేసిన ప్రయోగంలో, ఏడాది పాటు సున్నం ఉంచితే వేరు బలం సగానికి పడిపోయింది. గోడలు పలుచగా ఉండే పిల్లల పళ్లలో ఇది అసలైన ప్రమాదం. రెండు వారాలు, మహా అయితే నెల.

యాంటీబయోటిక్ పేస్ట్

మూడు మాత్రలు: సిప్రోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్, మినోసైక్లిన్. పై పూత తీసి, మెత్తగా నూరి, సమానంగా కలిపి, సెలైన్‌తోనో ప్రొపిలీన్ గ్లైకాల్‌తోనో ముద్ద చేస్తే ట్రిపుల్ యాంటీబయోటిక్ పేస్ట్. 1990లలో జపాన్‌లో హోషినో, సాటో బృందాలు దీని పని చూపించాయి, 2004లో బ్యాంక్స్, ట్రోప్ ఇద్దరూ చివర మూసుకోని వేరున్న పంట్లో దీన్ని వాడి వేరు మళ్లీ పెరిగిన కేసు ప్రచురించాక ప్రపంచమంతా పాకింది. బ్యాక్టీరియాను చంపడంలో ప్రయోగశాలలో ఇది చాలాసార్లు సున్నాన్ని దాటేస్తుంది. అందుకే మన దగ్గర చీము ఆగని ప్రతి కేసులోనూ ఇది పెట్టేయడం ఫ్యాషన్ అయిపోయింది.

నాకు దీని మీద మూడు ఫిర్యాదులున్నాయి. మొదటిది, మినోసైక్లిన్ పన్నును నీలం కలిసిన బూడిద రంగులోకి మారుస్తుంది. ముందు పళ్లలో అలా అయితే పెళ్లి చూపులకు ముందు ఆ అమ్మాయి తండ్రికి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. మినోసైక్లిన్ మానేసి రెండే కలిపే డబుల్ పేస్ట్, లేదా దాని బదులు క్లిండమైసిన్ వేసిన పేస్ట్ కొంత నయం. రెండోది, ముద్దగా పెట్టినప్పుడు ఉండే మోతాదు, అంటే మిల్లీలీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల స్థాయి, వేరు చివర ఉన్న మూలకణాలను కూడా చంపేస్తుంది. మనం ఎవరిని బతికించాలని దాన్ని పెట్టామో వాళ్లనే. అందుకే అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం, వేరును మళ్లీ పెంచే చికిత్సలో మిల్లీలీటరుకు 1 నుంచి 5 మిల్లీగ్రాములు చాలంటుంది, అంటే పల్చటి జావలా, లేదా సున్నమే పెట్టుకోమంటుంది. యూరప్ సంఘం నేరుగా సున్నానికే ఓటేసింది. ప్రయోగశాల పరిశోధనలో సున్నం ఆ మూలకణాలకు హాని చేయకపోగా బతకడానికి తోడ్పడింది. మూడోది, ఎలర్జీ, నిరోధకత. మెడికల్ షాపులో చీటీ లేకుండా సిప్రో, మెట్రో అమ్ముడుపోయే ఊళ్లలో ఆ రెండింటినే మళ్లీ పంట్లో నూరి పెట్టడం నాకు రుచించదు.

పాలపళ్లలో దీనికో చోటు ఉంది. వేర్లు కరగడం మొదలైన, ఇంకో ఏడాదిలోపు ఊడిపోయే పంటిని చీముతో తీసేయకుండా కాపాడాలంటే, అమెరికా పిల్లల దంతవైద్యుల సంఘం 2020 సూచనల్లో యాంటీబయోటిక్ పద్ధతికి ఒప్పుకుంటుంది, అదీ టెట్రాసైక్లిన్ జాతి లేని మిశ్రమంతో. వేర్లు బాగున్న పాలపంటికి మామూలుగా లోపల శుభ్రం చేసి ఫిల్లింగ్ వేయడమే మేలు.

పక్కన పెట్టాల్సినవి, ఒకట్రెండు ముక్కల్లో

ఫార్మోక్రెసాల్‌ను కొన్ని క్లినిక్కుల్లో ఇంకా దూదిలో ముంచి పెడతారు, ఆ ఘాటు వాసన గుమ్మం దగ్గరే తెలుస్తుంది. అందులో ఉన్నది ఫార్మాల్డిహైడ్, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. క్యాంఫొరేటెడ్ పారామోనోక్లోరోఫీనాల్ ఆవిరి బ్యాక్టీరియాను చంపుతుంది, కణజాలాన్నీ కాలుస్తుంది, దాని పని రోజుల్లోనే తగ్గిపోతుంది. ఈ రెండూ ఉన్న సీసాలు చూస్తే నాకు పాత కాలేజీ గుర్తొస్తుంది, పేషెంట్ నోట్లో పెట్టాలనిపించదు.

లెడర్‌మిక్స్ లాంటి స్టెరాయిడ్ పేస్టులు, అంటే ట్రయామ్సినలోన్‌తో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపినవి, నొప్పికి మంచివి, ఇన్‌ఫెక్షన్‌కు అంత కాదు. నరం బతికి ఉండి మంటగా ఉన్న పంట్లో రాత్రికి నిద్ర పట్టాలంటే పనికొస్తాయి. ఇవి కూడా పన్ను రంగు మారుస్తాయి.

అయితే ఏ పంట్లో ఏం

నరం బతికే ఉంది, నొప్పి మాత్రమే, ఎక్స్‌రేలో వేరు చివర శుభ్రంగా ఉంది: లోపలి కెనాల్‌లో ఇన్‌ఫెక్షనే లేదు, చంపడానికి ఏం ఉంది? డ్యామ్ వేసి, హైపోతో కడిగి, అదే రోజు నింపేయండి. టైమ్ చాలకపోతేనే సున్నం పెట్టి పంపండి, అదీ బయటి బ్యాక్టీరియాకు చోటు లేకుండా ఉండేందుకు.

నరం చచ్చింది, చివర నల్లమచ్చ ఉంది, వాపు లేదు, కెనాల్ ఆరింది: ఇక్కడే ఒక సిట్టింగా రెండు సిట్టింగ్‌లా అన్న పెద్ద వాదన. ఒక ప్రశ్న మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు ఎన్నిసార్లు చూసినా, గాయం మానడంలో రెండింటికీ తేడా కనిపించలేదు, ఒక్క సిట్టింగ్‌లో ముగించినవాళ్లకు తొలి రోజుల్లో నొప్పి కాస్త ఎక్కువగా ఉండొచ్చు. మీకు అరగంట కడిగే ఓపిక ఉంటే ఒకే సిట్టింగ్ చాలు. పేషెంట్ యాభై కిలోమీటర్ల దూరం నుంచి కూలి పని మానుకుని బస్సెక్కి వస్తే, నేనైతే ఆ ఓపిక తెచ్చుకుంటాను. కెనాల్స్ వంకరగా ఉండి చివరిదాకా వెళ్లామో లేదో అనుమానంగా ఉంటే మాత్రం రెండో సిట్టింగే మంచిది, మధ్యలో సున్నం.

చీము లేదా నీరు కారుతూనే ఉంది, పేపర్ పాయింట్ తడిగానే వస్తోంది: నింపకండి. సున్నం గట్టిగా నింపి వారం పది రోజులకు రమ్మనండి. రెండోసారి కూడా అలాగే ఉంటే మందు మార్చే ముందు పన్నును మళ్లీ చూడండి, పై దవడ మొదటి మోలార్‌లో నాలుగో కెనాల్ దొరకలేదేమో, వేరు పగిలిందేమో. మందు మార్చడం చాలాసార్లు మన పొరపాటుకు వేసే ముసుగు. నేనూ వేశాను. ఒక కేసులో మూడు సార్లు మందు మార్చాక, పక్కన ఇంకో కెనాల్ ఉందని సీటీలో తెలిసింది.

పాత రూట్ కెనాల్ చెడి మళ్లీ చేస్తున్నారు: పాత గుట్టాపెర్చా మొత్తం తీయడం మీదే ఎక్కువ టైమ్ పెట్టండి. హైపో, ఈడీటీఏ, సెలైన్, ఆరబెట్టాక చివరగా క్లోర్‌హెక్సిడిన్. మధ్యలో సున్నం రెండు వారాలు.

ఎనిమిదేళ్ల పిల్లాడు, క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను నరం చచ్చింది, వేరు చివర ఇంకా తెరుచుకునే ఉంది: 1.5 శాతం హైపో, వేరు చివరకు దూరంగా సూది, మెల్లగా, ఫైల్‌తో దాదాపు గీకకుండా. లోపల సున్నం, ఒకటి నుంచి నాలుగు వారాలు. రంగు గురించి బాధ లేని వెనక పన్నైతే పల్చటి యాంటీబయోటిక్ పేస్ట్ ఆలోచించొచ్చు.

పేషెంట్లకు ఒక మాట. లోపల నరం చచ్చిన పంట్లోకి రక్తం వెళ్లదు, మీరు మింగిన మాత్ర రక్తంతోనే తిరుగుతుంది, కాబట్టి మెడికల్ షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కెనాల్‌లోని పాచిని చేరవు. కొన్ని రోజులు వాపు తగ్గినట్టుంటుంది, మళ్లీ వస్తుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 సూచనల్లో, పంటి చికిత్స వెంటనే అందుబాటులో ఉన్నప్పుడు చాలా పంటి నొప్పులకు యాంటీబయోటిక్ వద్దనే చెప్పింది. జ్వరం, మింగలేకపోవడం, దవడ తెరుచుకోకపోవడం, మెడ దాకా వాపు ఉంటే మాత్రం వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పంట్లో లవంగం పెట్టుకోవడం కాసేపు నొప్పి మరపిస్తుంది, తాంబూలం సున్నం మాత్రం ఎవరూ పెట్టుకోకండి, చిగురు కాలుతుంది.

ఇంకొకటి మిగిలింది, తాత్కాలిక సిమెంట్. కనీసం మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండాలి, కింద దూది తక్కువ ఉండాలి. దూది ఎక్కువై సిమెంట్ పొర పల్చబడితే రెండు రోజుల్లో పగిలి ఉమ్మి లోపలికి దిగుతుంది, అప్పుడు లోపల ఏ మందు ఉన్నా ఒకటే. మన పేషెంట్లలో నొప్పి తగ్గగానే కనిపించకుండా పోయి ఆర్నెల్లకు, ముక్క విరిగాక, తిరిగి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. అందుకని సున్నం పెట్టి పంపే ప్రతి కేసు కాగితం మీద రెండో ఫోన్ నంబర్, వీలైతే ఇంట్లో ఇంకొకరిది, రాసుకుంటాను. పదో రోజు ఉదయం మా రిసెప్షన్ అమ్మాయి చేసే మొదటి ఫోన్ వాళ్లకే.